చదవకుండా దాటేసిన మాట

"ప్రాణం ఉందిగా ఇంకా?" అన్నాడు సి.ఐ. బాబూరావు, మంచం మీది మనిషి వంక కాకుండా చేతి గడియారం వంక చూస్తూ.

"ఉంది. మీరు కాస్త మెల్లగా మాట్లాడితే ఇంకాస్త సేపు ఉంటుంది," అంది డాక్టర్ లీలావతి.

సరిగ్గా అప్పుడే డిటెక్టివ్ అబ్దుల్ గఫార్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. టైము పన్నెండూ పది. అతన్ని చూడగానే సి.ఐ. ముఖం ఆముదం తాగినట్టయింది. ఏడేళ్ల కిందట గఫార్ ఈ బాబూరావు కిందే హెడ్ కానిస్టేబులు. ఒక పంచనామా దగ్గర చూసింది చూసినట్టు రాస్తానని గఫార్, చెప్పింది చెప్పినట్టు రాయమని బాబూరావు పట్టుబట్టి కూర్చున్నారు. చివరికి గఫార్ టోపీ తీసి బల్ల మీద పెట్టేసి, నరసరావుపేట కోర్టు పక్క సందులో 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టుకున్నాడు. ఇప్పుడు నడుస్తున్నది 1988. ఇప్పటికీ ఎదురుపడితే ఇద్దరికీ ఆ పూట అన్నం సహించదు.

"నిన్నెవరయ్యా పిలిచింది?"

"మరియదాసు, సార్. పిడుగురాళ్ల బట్టీలో గుమస్తా. పదకొండుంబావుకి నా గదికొచ్చి ఏడ్చాడు. స్నేహితుడు బతకాలి, సాబిరా బయటపడాలి. ఆ రెండే అడిగాడు."

మరియదాసు గది మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. చెవి మీద పెన్సిలు, మోచేతి మడతలో దూది. ఇప్పుడే ఒక సీసా రక్తం ఇచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

మంచం మీది మనిషి పేరు ఇన్నయ్య, సున్నపు బట్టీలో ముఠా మేస్త్రీ. పోయినేడు ఆ బట్టీ గోడ కూలి ఇద్దరు కూలీలు నిప్పుల్లో పడి చనిపోయారు. గోడ బీటలిచ్చిందని తెలిసి కూడా ఓనరు నిప్పు పెట్టమన్నాడు. ఆ మాట చెవులారా విన్నవాడు ఇన్నయ్య ఒక్కడే. ఆ ముక్కే ఈ రోజు కోర్టులో చెప్పాలి. పదీ నలభైకి బంట్రోతు మూడోసారి పేరు పిలిచేసరికి, బోను ఎక్కవలసిన ఇన్నయ్య వరండా మెట్ల మీద కూలబడ్డాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. పంచె వెనక తడిసింది కూడా రక్తంతోనే.

పక్కనే ఉన్న సాబిరాను సి.ఐ. అక్కడికక్కడే పట్టుకుపోయాడు. బట్టీ దగ్గర గుడిసెలో టీలు, చద్దన్నాలు అమ్ముకునే మనిషి. చనిపోయిన ఇద్దరు కూలీల్లో ఒకడు ఆమె మొగుడు మౌలాలీ.

"ఇందులో డిటెక్టివ్ పనేం లేదు," అన్నాడు సి.ఐ. "మొగుడు చచ్చింది ఈ మేస్త్రీ ముఠాలో. ఆ కసితో మజ్జిగలో ఏదో కలిపింది. పొద్దున తన చేత్తో ఇచ్చిందని అయిదుగురు చెప్పారు. డాక్టరుగారూ, మీరు కడుపు కడిగి ఆ నీళ్లు నాకియ్యండి. సాయంత్రం ఆరింటికి మెజిస్ట్రేటుగారొస్తారు, వాంగ్మూలం తీసుకుంటారు. ఆమెను రిమాండుకి పంపేస్తా. ఐపోయింది."

లీలావతి నుదుటి మీద చెమట పట్టి ఉంది. మద్రాసులో చదువుకుని, అక్కడే ఎండోస్కోపు పని నేర్చుకుని, సొంతానికి ఒక స్కోపు కొనుక్కొచ్చి ఈ ఊళ్లో నర్సింగ్‌హోము పెట్టింది. పదకొండుకి ఆ గొట్టం ఇన్నయ్య గొంతులో దింపి చూసింది.

"అన్నవాహిక శుభ్రంగా ఉంది, గఫార్‌గారూ. కడుపులో పుండు లేదు. రక్తం మాత్రం ఉంది. ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు కనపడలేదు," అంది. ఆ చివరి మాట అనడానికి ఆమెకు కష్టంగానే ఉంది.

"కనపడలేదంటే విషమే!" అన్నాడు సి.ఐ.

"కనపడలేదంటే కనపడలేదనే సార్," అంటూ గఫార్ మంచం దగ్గరికి వెళ్లాడు.

నోరు తెరిపించి చూశాడు. నాలుక, బుగ్గలు ఎక్కడా బొబ్బ లేదు. మంచం కింద ఇన్నయ్య బట్టల మూట ఉంది. అందులోంచి పంచె మీద కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు తీశాడు. ఏళ్ల తరబడి కొక్కెం పడి అరిగిన చిల్లు ఒకటుంది. అది దాటి కొసవైపు మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండున్నాయి.

"దవడలు పీక్కుపోయినై. చేతులు పుల్లల్లాగున్నై. నడుం మాత్రం నాలుగంగుళాలు పెరిగింది. ఎందుకమ్మా?"

లీలావతి చటుక్కున దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి వేసింది. ఇటు తట్టి అటు తట్టి చూసింది. "నీరుంది," అంది మెల్లగా. "కొంచెమే. రక్తం హడావుడిలో నేను చూసుకోలేదు."

"ఎడం చేతికి కట్టిన చెక్క కాస్త జరపండి, కరుణమ్మా."

నర్సు కరుణమ్మ సూది కదలకుండా కట్టు జరిపింది. మణికట్టుకి పైన మూడు గుండ్రటి మచ్చలున్నాయి, బటాణీ గింజంత.

"వాతలు," అన్నాడు గఫార్. "పచ్చకామెర్లకి మన పల్లెటూళ్లలో పెట్టేవి. నాకూ ఉన్నై," అని తన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. "ఇవి పదిహేనేళ్ల కిందటివన్నా అయ్యుంటై."

"కామెర్లు…" లీలావతి మంచం అంచు పట్టుకుంది. "సారా తాగడని చెప్పారు. అందుకని లివరు సంగతి పక్కన పెట్టేశాను. సారాయే అక్కర్లేదు. పాత కామెర్లు లోపల ఉండిపోయి మెల్లగా కాలేయాన్ని గట్టిపరుస్తాయి. అప్పుడు దాని గుండా పోవలసిన రక్తం దారి దొరక్క పక్క సిరల్లోకి తోసుకొస్తుంది. అవి ఉబ్బి, పలచబడి, ఒక రోజు చిట్లుతాయి." అంతలోనే తల అడ్డంగా ఊపింది. "కానీ అవి ఉబ్బేది అన్నవాహిక చివర. అక్కడ నేను కళ్లారా చూశాను. ఏమీ లేదు."

"ఇంకెక్కడా ఉబ్బవా?"

"ఉబ్బుతాయి. కడుపు దాటాక పేగు మలుపులో, ఇంకా లోపల. చాలా అరుదు. పుస్తకాల్లో చదివాను, చూడలేదు."

"వాతలు చూసి జబ్బు చెప్పే వైద్యం ఇప్పుడే వింటన్నా," అని సి.ఐ. నవ్వాడు. "పల్నాడులో సగం మందికున్నై మచ్చలు. కడుపు కడగండి డాక్టరుగారూ."

"ఉబ్బిన సిర ఉన్నచోట ఆ లావు గొట్టం గుచ్చుకుంటే మనిషి ఈ బల్ల మీదే పోతాడు. నేను కడగను," అంది లీలావతి. గఫార్ వైపు తిరిగింది. "కానీ వెతకడానికని మళ్లీ స్కోపు దింపాలన్నా భయంగానే ఉంది. బి.పి. పడిపోయి ఉంది. ఇతని గ్రూపు రక్తం దొరకదు. బ్లడ్ బ్యాంకులో ఉన్న ఒక్క సీసా ఎక్కుతోంది, మరియదాసుగారిచ్చింది ఇంకోటుంది. అంతే. గుంటూరు పంపిద్దామంటే దారి కుదుపులకి తట్టుకోడు. లివరు జబ్బేనని గట్టి రుజువు తెండి, అప్పుడు నేను తెగించి లోపలికి వెళ్తాను. అయిదు దాటితే మాత్రం నన్నడక్కండి."

పన్నెండూ ముప్పై అయిదు. గఫార్ మెట్లు దిగాడు. ఇతను పోతే ఒక ప్రాణం పోవడంతో ఆగదు. సాబిరా హంతకురాలైపోతుంది, బట్టీలో కాలిన ఇద్దరికీ సాక్ష్యం చెప్పే నోరు ఉండదు. గఫార్‌కి ఆమె మీద ముందే జాలి కలిగింది. డిటెక్టివుకి అది మంచి అలవాటు కాదని అతనికీ తెలుసు, మానుకోలేకపోయాడంతే.

*

స్టేషనులో సాబిరా గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. కొంగు మీద ఇన్నయ్య రక్తం ఎండి నల్లబడింది. గఫార్‌ను చూడగానే ఉర్దూలో ఏదో మొదలుపెట్టింది.

"ఏమే, తెలుగులో చెప్పు! రైటరు రాసుకోవాల," అని అరిచాడు వెనకే వచ్చిన సి.ఐ.

"భయపడకు చెల్లే," అన్నాడు గఫార్, ఆమెకు ఎదురుగా తనూ నేల మీదే కూర్చుంటూ. "తెల్లారిన కాణ్ణించి చెప్పు."

"అయిదున్నరకి పొయ్యి ముట్టిచ్చా. ఆరింటికి ఇన్నయ్యన్న వచ్చి మజ్జిగ తాగాడు. ఏడుంబావు బస్సెక్కాం. బస్సులోనే కడుపులో తిప్పతందన్నాడు. ఇక్కడ దిగాక దొడ్డికి పోయొచ్చి, నల్లగా తారులాగా అయిందమ్మా అన్నాడు. ఆస్పత్రికి పోదాం అన్నా. ముందు సాక్ష్యం చెప్పి పోదామన్నాడు."

"మజ్జిగ ఇంకెవరు తాగారు?"

"ఆ కుండలోదే పదకొండు మంది తాగారన్నా. ఎవరికేం కాలా."

"అందరి గ్లాసుల్లోనూ ఒకటేనా?"

సాబిరా తల అడ్డంగా ఊపింది.

"ఇన్నయ్యన్న గ్లాసులో బిళ్ళలు నూరి కలిపా."

రైటరు కలం ఆగిపోయింది. సి.ఐ. బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. "విన్నావా గఫారూ? నీ చెవులతో విన్నావా?"

"ఏం బిళ్ళలు?" అన్నాడు గఫార్, సి.ఐ. వైపు తిరక్కుండానే.

"నొప్పుల బిళ్ళలన్నా. బట్టీలో ఏసుకోనోళ్లెవరు? పొద్దున టీతో తలా ఒకటి ఏసుకోకపోతే నడుము లేవదు. ఆఫీసోళ్లే డబ్బా పెడతారు, నేను పంచుతా. మౌలాలీ ఉన్నప్పుడూ అంతే. ఇన్నయ్యన్న ముందు ఏసుకునేవోడు కాదు. మోకాళ్లు పట్టుకుపోతన్నై, కోర్టులో గంటలకొద్దీ నిలబడాల, మింగలేడు, మజ్జిగలో నూరి ఇయ్యమ్మా అని మరియదాసన్న చెప్పాడు. ఇన్నయ్యకి తెలిస్తే మొహమాటపడతాడు, చెప్పబాకు అన్నాడు. నెల్లాళ్ల నించి రోజుకి మూడు."

"మూడా?"

"చానా నొప్పంటగా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా మొగుడి చావు ఎట్టా వచ్చిందో నోరు తెరిచి చెప్పేవోడు ఈ లోకంలో ఆయనొక్కడేనన్నా. ఆయన్ని నేను చంపుకుంటానా?"

గఫార్ లేచి నిలబడ్డాడు. ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదు. నిజం చెప్పి తన మెడకి తనే ఉరి తగిలించుకుంటోంది.

"సార్, గుడిసె చూడాలి."

"నువ్వొక్కడివే పోయి డబ్బా మాయం చేద్దామనా? జీపెక్కు. నేనూ వస్తా."

*

రెండూ ఇరవైకి జీపు బట్టీ దగ్గర ఆగింది. గుడిసె మీద, పొయ్యి మీద, కుండల మీద సున్నపు దుమ్ము పలచగా పరుచుకుని ఉంది. ఉదయం కుండలో మిగిలిన మజ్జిగను గుమ్మం దగ్గర కోళ్లకి పోసినట్టున్నారు. కోళ్లు నాలుగూ హాయిగా తిరుగుతున్నాయి. సి.ఐ. వాటిని చూసీ చూడనట్టు దాటుకుపోయాడు.

టీ పొడి డబ్బా పక్కనే బిళ్ళల డబ్బా కనిపించింది. మూత తీసి చూపించాడు సి.ఐ. "ఇదిగో. ల్యాబుకి పోతే బండారం బయటపడుద్ది."

గఫార్ ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుని నమిలేశాడు.

"ఓరి నీ! ఏంది నువ్వు చేసే పని!"

"పుల్లగా ఉంది సార్. మామూలు తలనొప్పి బిళ్ళే. పన్నెండింటి నించి మీతో తిరుగుతున్నా, నాకూ అవసరమే."

సి.ఐ. పక్కకి తిరిగి మీసం దువ్వుకున్నాడు. నవ్వు ఆపుకున్నాడేమో అనిపించింది కానీ గఫార్ ఆ సంగతి పైకి అనలేదు.

గుంజకి ఒక ఇనప తీగ వేలాడుతోంది. దాని కొక్కేనికి కాగితాలు గుచ్చి ఉన్నాయి. రేషను చీటీలు, మౌలాలీ పేరున కోర్టు నోటీసు, ఇంకా ఏవేవో. ఇన్నయ్య ఒంటరి మనిషి. తన గది కురుస్తుందని తన కాగితాలు కూడా సాబిరా తీగకే గుచ్చేవాడని బయట నిలబడ్డ కూలీలు చెప్పారు. గఫార్ ఒక్కొక్కటే పైకి లాగుతూ వచ్చాడు. అడుగున నాలుగు మడతల టైపు కాగితం దొరికింది. పోయిన సంక్రాంతి నెలలో పొట్ట ఉబ్బితే గుంటూరులో చేరి, వారం తర్వాత ఇంటికి వస్తున్నప్పుడు డాక్టర్లు ఇచ్చిన చీటీ అది. అంతా ఇంగ్లీషు.

"సిర్రోసిస్ ఆఫ్ లివర్," అని చదివాడు గఫార్. "కాలేయం గట్టిపడిపోయింది. డాక్టరమ్మ అడిగిన రుజువు ఇదే సార్."

సి.ఐ. కాగితం లాక్కుని కింది వరసలు తెలుగులోకి తిప్పుకుంటూ కూడబలుక్కున్నాడు. "ఒకటి, ఉప్పు తగ్గించవలెను. రెండు, ఏ రకమైన నొప్పుల మాత్రలూ వాడరాదు, రక్తస్రావము… రక్తస్రావము కాగలదు." అతని గొంతు తగ్గింది. "మూడు, సారా ముట్టరాదు. నాలుగు, ఆరు నెలలకు మళ్లీ రావలెను." కాగితం దించాడు. "అంటే ఆ బిళ్ళలే…"

"పదకొండు మందికీ ఏం చెయ్యనిది ఇతనొక్కడికే విషమైంది. రోజుకి మూడు చొప్పున నెల్లాళ్లు. ఏ ల్యాబుకి పంపినా తలనొప్పి బిళ్ళ అనే వస్తుంది."

"మరి ఇంత స్పష్టంగా రాసుంటే ఆ ఇద్దరికీ తెలియలేదా?"

"సాబిరాకి చదువు లేదు. ఇన్నయ్యకి తెలుగే అక్షరం అక్షరం పట్టుకోవాలి. ఇంగ్లీషు కాగితాన్ని ఎవరో చదివి చెప్పే ఉంటారు," అన్నాడు గఫార్.

ఇంకొకటి కూడా అతని కంట్లో పడింది. ఒకటో నంబరు పక్కన పెన్సిలుతో టిక్కు ఉంది. మూడుకీ ఉంది, నాలుగుకీ ఉంది. రెండుకి లేదు. గఫార్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకునే మనిషి ఒకడు అతని కళ్ల ముందు మెదిలాడు. తనను పిలిచింది ఆ మనిషే. రక్తం ఇచ్చిందీ ఆ మనిషే. ఈ ఊహ తప్పయిపోతే బాగుండునని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు.

*

నాలుగూ యాభైకి వాళ్లు నర్సింగ్‌హోము మెట్లెక్కేసరికి ఇన్నయ్య మళ్లీ రక్తం కక్కుకున్నాడు. మొదటి సీసా అయిపోయింది. మరియదాసు ఇచ్చిన సీసా ఎక్కుతోంది.

లీలావతి కాగితం చూసింది. రెండోసారి చూడలేదు. "కరుణమ్మా, స్కోపు. ఆ జిగురు ఆంపూలు కూడా తియ్యి."

"జిగురేంది?" అన్నాడు సి.ఐ.

"రక్తం తగలగానే గట్టిపడే మందు. మా ప్రొఫెసరుగారు విదేశాల నుంచి తెచ్చుకున్న వాటిలో ఒకటి నాకిచ్చారు. మామూలు ఇంజెక్షను ఇంత లావు సిరలో నిలవదు. ఇది సిరలో పడితే అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమై నా గొట్టంలో గడ్డకడితే స్కోపు పోతుంది. ఇంకోటి కొనే తాహతు నాకు లేదు. పక్కన చూసేవాళ్ల కోసం ఇంకో కన్ను ఉంది దీనికి. మీరే చూడండి సి.ఐ.గారూ. విషమో కాదో మీ కంటితోనే తేల్చుకోండి."

సి.ఐ. టోపీ తీసేసి, ఆ రెండో గొట్టానికి కన్ను ఆనించాడు. గఫార్ ఇన్నయ్య తల పట్టుకున్నాడు. నల్లటి గొట్టం మెల్లగా లోపలికి దిగింది.

"అన్నవాహిక. శుభ్రంగా ఉంది. కడుపు. పొద్దున ఇక్కడే ఆగిపోయాను." లీలావతి బొటనవేలు చక్రాన్ని తిప్పింది. "ఇప్పుడు దాటుతున్నా. పేగు మొదలు. ఇక్కడా లేదు. మలుపు… కరుణమ్మా, నీళ్లు కొట్టు."

వోల్టేజి తగ్గి స్కోపు వెలుతురు ఒకసారి మసకబారింది, మళ్లీ పుంజుకుంది.

"అమ్మో!" అన్నాడు సి.ఐ. చిన్న పిల్లాడిలాగా. "నీలంగా… వేలంత లావు… దాని మీద ఎర్రగా ఏదో మొటిమ…"

"అదే. అక్కణ్ణుంచే కారుతోంది," అంది లీలావతి. ఆమె గొంతులో భయం పోయింది. "పేగు మలుపులో దాక్కుని ఉంది. కరుణమ్మా, సూది. నేను 'ఊ' అనగానే మొత్తం తోసెయ్, వెంటనే నూనె తొయ్, గొట్టంలో జిగురు మిగలకూడదు. లెక్కపెట్టు."

"ఒకటి, రెండు…"

"ఊ!"

కరుణమ్మ తోసింది. లీలావతి సూది వెనక్కి లాగింది. స్కోపును కదలనివ్వకుండా పట్టుకుని అలాగే నిలబడింది.

"కారడం లేదు," అన్నాడు సి.ఐ. మొదట. కన్ను తియ్యకుండానే మళ్లీ అన్నాడు, "కారడం లేదమ్మా!"

అయిదూ ఇరవై అయిదు. లీలావతి గొట్టం బయటికి తీసి, దాని లోపలికి నీళ్లు కొట్టి చూసింది. నీళ్లు అవతలి నుంచి ధారగా వచ్చాయి. అప్పుడు కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

సి.ఐ. చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి వరండాలోని కానిస్టేబుల్ని కేకేసి, "స్టేషనుకి ఫోను చెయ్యి. సాబిరాను కూర్చోబెట్టి టీ ఇప్పియ్యమను. ఆమెను ఎవరన్నా ఒక్క మాటన్నారంటే నా చేతిలో అయిపోతారు," అన్నాడు.

*

అయిదూ యాభైకి ఇన్నయ్య కళ్లు తెరిచాడు. బి.పి. నిలబడింది. లీలావతి రెండు మాటలకి మించి మాట్లాడించొద్దని చెప్పి పక్కకి తప్పుకుంది.

"అన్నా, నేను గఫార్‌ని. సాబిరా తరఫున వచ్చాను."

"బిడ్డది తప్పేం లేదయ్యా…"

"లేదని తేలిపోయింది. నువ్వొకటి చెప్పు చాలు." గఫార్ జేబులోంచి కాగితం తీశాడు. "గుంటూరులో ఇచ్చిన ఈ కాగితం నీకెవరు చదివి పెట్టారు?"

ఇన్నయ్య పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. "మా మరియదాసే. చిన్నప్పట్నించీ నాకేది వచ్చినా వాడే చదవాల. ఒక్కో ముక్కకీ పెన్సిలు గీత పెడతా చెప్పాడు. ఉప్పు తగ్గించమన్నారు. సారా వద్దన్నారు. ఆర్నెల్లకి రమ్మన్నారు."

"బిళ్ళల సంగతి?"

"బిళ్ళల సంగతేం లేదే దాంట్లో."

గఫార్ కాగితం మంచం మీద పరిచి, వేలు పెట్టి చూపించాడు. టిక్కు, ఖాళీ, టిక్కు, టిక్కు. "ఇది లేనిచోట అదే రాసుందన్నా. నొప్పుల బిళ్ళలు ముట్టొద్దు, రక్తం పోతుందని. నెల్లాళ్ల నుంచి నీ మజ్జిగలో అవే కలిపిస్తున్నాడు."

ఇన్నయ్య వేలితో ఆ రెండో వరస తడిమాడు. ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయాడు.

గఫార్ వెనక్కి తిరిగాడు. "కరుణమ్మా, మరియదాసు ఏడీ?"

"మజ్జిగ తేవడానికి పోయాడండీ. అయిదూ నలభైకే ఫ్లాస్కుతో మెట్లెక్కతా కనపడ్డాడు."

గఫార్ గడియారం చూశాడు. ఆరు కావస్తోంది. పద్దెనిమిది మెట్లు. ఎంత రక్తం ఇచ్చినవాడైనా ఇరవై నిమిషాలు పట్టదు. రెండంగల్లో తలుపు దగ్గరికి వెళ్లి తెరిచాడు.

మరియదాసు గుమ్మానికి అవతలే నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో ఫ్లాస్కు, ఎడంచేతిలో మడిచిన పొట్లం. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అది కలిపావా?" అన్నాడు గఫార్.

"లేదయ్యా." పొట్లం గఫార్ చేతిలో పెట్టేశాడు. "కలపలా. మూత తీశా, మళ్లీ పెట్టా. తీశా, పెట్టా. లోపలికి రాలేను, కిందికి పోలేను."

సి.ఐ. అతని మెడ పట్టుకోబోయాడు. గఫార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరిచ్చారు?"

"ఓనరే. మా పెద్దాడు బట్టీ పైన బొగ్గేస్తాడు. నిప్పు దగ్గర కాలు జారటానికెంతసేపు మరియదాసూ అన్నాడు. అంతకంటే ఏమన్లా. ఆ కాగితం సంగతి వాగింది నేనే. వాడికి విషం అక్కర్లా, బిళ్ళలు చాలన్నాడు ఓనరు. వాయిదా రోజున కడుపునొప్పితో పడుకుంటాడు, అంతేలే అనుకున్నా." గోడ పట్టుకున్నాడు. "లేదయ్యా. రక్తం పోద్దని రాసుంది. నేను చదివా. చదివే దాటేశా. పొద్దున ఆ మెట్ల మీద రక్తం చూసిన కాణ్ణించి నేను మనిషిని కాదు. మిమ్మల్ని పిలిస్తే పట్టుకుంటారని తెలుసు. పట్టుకోవాలనే పిలిచా."

"ఓనరు ఎక్కడున్నాడు?"

"కింద కారులో. ఖాళీ ఫ్లాస్కు తెచ్చి చూపించమన్నాడు. చూస్తే గానీ కదలనన్నాడు."

సి.ఐ. ఫ్లాస్కు తీసుకుని, మజ్జిగ బేసినులో పోసేశాడు. ఖాళీ ఫ్లాస్కును మరియదాసు చేతికిచ్చాడు.

"పో. ఐపోయిందని చెప్పు. వాడు ఫ్లాస్కు తాకి మూత తీసి చూసిందాకా మాట్లాడిస్తా ఉండు, వాడి వేలిముద్రలు పడాల. నేను వెనక గేటు నుంచొస్తా." మెట్ల దగ్గర ఆగి, గఫార్ వైపు చూడకుండానే అన్నాడు. "గఫారూ, పొట్లానికి పంచనామా నువ్వు రాయి. చూసింది చూసినట్టు రాయి."

మరియదాసు గుమ్మం దాటబోయి, ఒక్కసారి మంచం వైపు చూశాడు. ఇన్నయ్య అతన్ని చూడటం లేదు. తల పైకెత్తి, తనకి ఎక్కుతున్న సీసా వంక చూస్తున్నాడు. సీసా మీద అంటించిన ప్లాస్టరు ముక్క మీద కరుణమ్మ తెలుగులో రాసిన అక్షరాల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు.

"మ… రి… య…"

మరియదాసు నిలవలేకపోయాడు. ఫ్లాస్కు గుండెకి అదుముకుని మెట్లు దిగాడు. కింద కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

ఇన్నయ్య మిగతా అక్షరాలు కూడా పూర్తిచేశాడు. ఈసారి ఎవరి సాయమూ అడగలేదు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

"రక్తమిచ్చినోడు, కళ్లు తిరుగుతుంటై," అన్నాడు గొణిగినట్టుగా. "వాడొక్కడే ఆ మనిషి దగ్గరికి పోతన్నాడేంది? ఎవరన్నా ఎంట పోండయ్యా!"

ఆ మాట పూర్తయ్యేసరికే గఫార్ నాలుగో మెట్టు మీద ఉన్నాడు. కింద కారు ఇంజను స్టార్టయింది. ఫ్లాస్కు నేల మీద పడి పగిలిన చప్పుడు దాని వెంటే వచ్చింది, ఆ వెనకే "కారు ఆపరా!" అని సి.ఐ. వేసిన కేక.